తాళాలమ్మ చెప్పిన మాట

"సంతకం పెట్టి వెళ్లిపోండి. పోలీసుల దాకా లాగను. మీ వయసుకు నేనిచ్చే మర్యాద అదే."

యజమాని రాజీనామా కాగితాన్ని బల్ల మీద ముందుకు తోశాడు. అకౌంట్స్ పెద్దాయన పెన్ను పట్టుకుని కాగితాన్ని మళ్లీ మొదటి నుంచి చదువుతున్నాడు. టెండరు ధరలు పోటీ కంపెనీకి చేరిపోయాయి. ఆ ధరలున్న ఫైలు ఆదివారం నాడు తెరుచుకుంది, అదీ ఆయన పాస్‌వర్డుతోనే.

తలుపు పక్కన నెట్‌వర్క్ ఇన్‌చార్జి నిలబడి ఆ పెన్ను వైపే చూస్తోంది. ఆఫీసులో అందరూ ఆమెను తాళాలమ్మ అంటారు. ఎవరి పాస్‌వర్డు ఎలా ఉండాలో తేల్చేది ఆమే. గోడౌన్ వాళ్లకు చిన్నది చాలు, మార్చక్కర్లేదు. అకౌంట్స్ వాళ్లకు మాత్రం చాంతాడంత ఉండాలి, నెలనెలా మార్చాలి, మూడుసార్లు తప్పు కొడితే తాళం పడిపోతుంది. యజమాని బతిమాలినా ఆయనకూ మినహాయింపు ఇవ్వలేదు మహాతల్లి.

"ఆదివారం నేను ఇల్లు కదల్లేదు బాబూ," అన్నాడు పెద్దాయన. "ఈ అమ్మాయి నెలకోటి మార్చమంటే నా బుర్రకెక్కడ ఎక్కుతుంది? చీటీ మీద రాసి కీబోర్డు కింద పెట్టుకున్నా. అదే నా తప్పు."

"కథలొద్దు. సంతకం పెట్టండి."

పెన్ను కాగితాన్ని తాకింది.

"ఆగండి!" తాళాలమ్మ ఒక్క అంగలో బల్ల దగ్గరికొచ్చింది. "ఆయన కాదు సార్. ఆ చీటీ చూసి ఫైలు తెరిచింది నేను. ధరలు బయటికి పంపిందీ నేనే."

పెద్దాయన పెన్ను కింద పెట్టి ఆమె వైపు తిరిగాడు. యజమాని ఆమెను ఎగాదిగా చూసి ఫక్కున నవ్వాడు.

"నువ్వా? టెండరు ఫైళ్లు నీ అకౌంటుకు కనబడకూడదని రూలు పెట్టుకున్నదే నువ్వు కదమ్మా! ఆదివారాలు కూడా వచ్చి సర్వర్లు చూసి పోతావు. మూడేళ్లుగా జీతం పెంచకపోయినా పల్లెత్తు మాట అనలేదు."

"నమ్మండి సార్, నిజం చెబుతున్నా."

"చాల్లే. మరీ ఇంత మంచితనం పనికిరాదు." ఆయన గొంతు మెత్తబడింది. "నీలాంటి మనిషి ఉద్యోగం పోయినా ఫర్వాలేదని ఈయన వెనక నిలబడిందంటే, ఈయన చేసి ఉండడు. ఆ చీటీ ఎవడి కంట పడిందో ఏమో."

కాగితాన్ని అడ్డంగా చింపి బుట్టలో పడేశాడు.

"ఈయనకు గుర్తుండే రూలేదో పెట్టు. ఇక ఇద్దరూ పనులు చూసుకోండి."

వరండాలోకి రాగానే పెద్దాయన కళ్లజోడు తీసి కళ్లు ఒత్తుకున్నాడు.

"కన్నకూతురైనా ఇంత చేయదు. నా కోసం అంత అబద్ధం ఎలా ఆడావే తల్లీ?"

ఆమె ఏదో చెప్పబోయింది. ఆయన ఆమె తల మీద చెయ్యి వేసి, ముక్కు చీదుకుంటూ తన సీటు వైపు వెళ్లిపోయాడు. ఆమె గోడకు ఆనుకుని నిలబడి చాలాసేపు ఏడ్చింది.

ఆమె అబద్ధం ఆడలేదు.