గురవయ్య దాహం

"ఏమే, నాయన నన్ను గుర్తుపట్టటంలా!" మంచం పక్క నుంచి పిచ్చయ్య అరిచాడు.

భార్య నాంచారమ్మ పరుగెత్తుకొచ్చింది. మామ గురవయ్య ఒళ్లు కాలిపోతోంది, పళ్లు టకటక కొట్టుకుంటున్నాయి. ఆయనకు మూత్రం ఆగిపోతే, యుద్ధం నుంచి తిరిగొచ్చిన నరసరావుపేట డాక్టరు రబ్బరు గొట్టం పెట్టాడు. అది మంచం కింద సీసాలోకి దిగి ఉంది. సీసా అడుగున కాసింత మూత్రం, చిక్కగా, చీములా ఉంది. కంపు గుప్పుమంది.

"లోపల చీము పట్టినట్టుందయ్యా. బండి కట్టు, పేటకి పోదాం," అంది.

పిచ్చయ్య ఎడ్ల కోసం పరుగెత్తాడు. ఆమె నీళ్ల చెంబు మామ నోటికి అందించింది. ఆయన తల తిప్పేసుకున్నాడు.

"వద్దమ్మా," అన్నాడు, ఎప్పుడో పోయిన తన తల్లితో అంటున్నట్టు. "నీళ్లు తాగితే సీసా నిండుద్ది. ఆ కోడలు పిల్ల నా ఉచ్చ ఎత్తిపోయలేక చస్తంది. అందుకే తాగటంలా."

దాహం లేదని ఆయనంటే నాంచారమ్మ ఇన్నాళ్లూ నిజమేననుకుంది.

"ఆ పిల్లకేం కష్టం లేదంట నాయనా," అంది ఆ తల్లిలాగే. "నేనడిగొచ్చా. తాగు."

గురవయ్య నోరు తెరిచాడు.

"నాయన ఉన్నాడా?" బయట నుంచి పిచ్చయ్య భయంగా కేకేశాడు.

"తాగుతున్నాడు," అంది నాంచారమ్మ.