చల్లారని ఆలుగడ్డ

“ఈ ఆలుగడ్డ ఇంకా వేడిగానే ఉందా, సుదర్శన్?”

ఎక్స్‌టర్నల్ ఎగ్జామినర్ దివాకర్ సారు ఆ మాట మెల్లగానే అడిగాడు. అయినా సెమినార్ హాలు గొల్లుమంది. పీహెచ్‌డీ వైవా అయ్యాక పంచే సమోసాల కోసం వచ్చి కూర్చున్న హాస్టల్ జనం అది. నవ్వడానికి వాళ్లకి ఇంత సందు దొరికితే చాలు.

సుదర్శన్ నవ్వలేదు. ఇంగ్లీషులో వంటింటి నుంచి పుట్టిన నుడికారాల మీద ఐదేళ్లు కూర్చుని మూడువందల పేజీలు రాశాడు. నూట పన్నెండో పేజీ దాకా బండి సాఫీగా నడిచింది. అక్కడ ఆలుగడ్డ అడ్డం పడింది.

సారు పైకి చదివాడు. “ఎవరూ నెత్తికెత్తుకోని తగాదాని ఇంగ్లీషువాళ్లు ‘హాట్ పొటాటో’ అంటారు. బాగుంది. అది పుట్టింది మన సికింద్రాబాద్ కంటోన్మెంట్‌లోనట! బొల్లారంలో దొరగారి వంటవాడు ఉడకబెట్టిన ఆలుగడ్డ, నలభైమంది సిపాయిల చేతులు మారి మల్కాజ్‌గిరి చేరిందట. అక్కడ రైలెక్కిందట. కాజీపేటలో దిగాక కూడా స్టేషన్ మాస్టరు చెయ్యి కాల్చిందట! ఎవరు చెప్పారయ్యా నీకిది?”

“ఇన్ఫార్మెంట్ నంబర్ సెవెన్ సార్.”

“పేరు?”

“పేరు రాయొద్దు గద సార్. రీసెర్చ్ రూలు.”

“అసలు మనిషంటూ ఉన్నాడా?”

“ఉన్నడు సార్.”

“అయితే పట్టుకురా. గంట టైము. నా ఎదురుగా నిలబడి చెప్పాలి. లేదంటే థీసిస్ మొత్తం తిరగరాసుకో. ఇంకో రెండేళ్లు!”

గైడు విశాలాక్షి మేడం అనంతపురం మనిషి. ఆవిడే కసిరింది. “ఏమప్పా, చూస్తా నిలబడుకున్నావే? పో, ఉరుకు!”

ఆ ముచ్చట చెప్పిన ఇన్ఫార్మెంట్ నంబర్ సెవెన్ అంటే హాస్టల్ మెస్సులో వంట చేసే సమ్మయ్య. డెబ్బై దగ్గరపడ్డా గరిటె దించని మనిషి. మెస్సుకెళితే, కూరగాయలకని తార్నాక పోయాడన్నారు. సుదర్శన్ ఎవరిదో స్కూటీ లాక్కుని తార్నాక పోయాడు. అక్కడ ఇరానీ హోటల్లో ఆటోవాళ్లను చుట్టూ కూర్చోబెట్టుకుని సమ్మయ్య మొసలి కథ చెప్తున్నాడు. మొసలి అప్పటికే హుస్సేన్‌సాగర్ లోంచి బయటికొచ్చి సిటీ బస్సెక్కింది. టికెట్టు కూడా తీసుకుంది.

“తాతా, లే! బండెక్కు!”

“ఆగు బిడ్డా, మొసలికి ఇంకా సీటు దొరకలే.”

“నా డాక్టరేట్ పోతున్నది తాతా!”

సమ్మయ్య మిగిలిన చాయ్ సాసర్లో పోసుకుని జుర్రి, కూరగాయల సంచీతో సహా వెనకెక్కాడు. యూనివర్సిటీ గేటు దాటాక సుదర్శన్ వెనక్కి తిరిగి అడిగాడు.

“తాతా, ఆ ఆలుగడ్డ ముచ్చట నిజమే గదా?”

“ఏ ఆలుగడ్డ?”

స్కూటీ ఓ పక్కకు ఒరిగి, మళ్లీ నిలబడింది.

“కాజీపేట దాకా పోయిన ఆలుగడ్డ! మీ తాత బొల్లారంల దొరలకు వండెటోడని చెప్పినవ్ గద!”

“మా తాత గొర్లు కాసిండు బిడ్డా. బొల్లారం ఎటున్నదో గూడ ఆయనకు ఎరుకలేదు.”

“మరి నాకెందుకట్ల చెప్పినవ్?”

“నువ్వు రాసుకుంటున్నవ్ గద! యాడనో ఒక తాన పెన్ను ఆపుతవని చూసిన. ఆపకపోతివి. మల్కాజ్‌గిరిలనే దించుదామనుకున్న ఆ ఆలుగడ్డను. నీ ఊపు చూసి రైలెక్కించిన.”

సుదర్శన్‌కి ఏడుపొక్కటే తక్కువ. “ఇప్పుడు ఆ సారు ముంగట నిజం చెప్తవా, ఆలుగడ్డ చెప్తవా?”

“ముందుగాల సారు మొఖం చూడనియ్యి.”

హాల్లో జనం రెట్టింపయ్యారు. ఆలుగడ్డ వార్త అప్పటికే హాస్టళ్లన్నీ చుట్టొచ్చింది. దివాకర్ సారు పెన్ను మూత తీసి, రిపోర్టు మీద నుంచి తలెత్తకుండానే అడిగాడు.

“ఏమయ్యా పెద్దమనిషీ, ఆ సెవెన్‌వి నువ్వేనా?”

“సెవెనో గివెనో నాకెరుకలేదు సారూ. వంట సమ్మయ్య అంటరు.”

సారు తలెత్తాడు. పెన్ను గాల్లోనే ఆగిపోయింది.

సమ్మయ్య సంచీ కింద పెట్టి, బల్ల దాకా నడిచి, వంగి సారు ముఖంలోకి పరీక్షగా చూశాడు. బోసినోరంతా విచ్చుకుంది.

“ముచ్చట బొల్లారంకెళ్లి మొదలువెట్టాల్నా సారూ? ఇంకా వెనకటికెళ్లి చెప్పుమంటరా?”

దివాకర్ సారు తన గ్లాసులో నీళ్లు తాగాడు. పక్కనున్న విశాలాక్షి మేడం గ్లాసు అందుకుని అవీ తాగాడు.

“అక్కర్లేదు,” అన్నాడు. “ఈయన మాటకి తిరుగులేదు మేడం. ఆలుగడ్డ కాజీపేటలో దిగిందంటే దిగినట్టే.”

మేడం నోరు తెరిచింది. “సార్, ఇందాక మీరే కదా...”

“ఇందాక మనిషిని చూడలేదు కదమ్మా! ఫారం ఇలా ఇవ్వండి,” అంటూ గబగబా ‘డాక్టరేట్ ఇవ్వవచ్చు’ అని రాసి, కింద సంతకం గీకేశాడు.

హాలు ఈలలతో అదిరింది. జనం సమోసాల మీద పడ్డారు. సారు మాత్రం ఒక్కటీ ముట్టకుండా, రైలుకి వేళయిందంటూ కారెక్కాడు.

సుదర్శన్ సమ్మయ్యను వరండాలోకి లాక్కొచ్చి వాటేసుకున్నాడు. “ఒక్క ముక్క చెప్పకుండనే గట్టెక్కించినవ్ తాతా! ఆయన నిన్ను చూసి గంత బుగులు పడ్డడేంది?”

“దివాకర్ సారా?” సమ్మయ్య చేతిలోని సమోసా తుంచి నోట్లో వేసుకున్నాడు. “ముప్పై ఏండ్ల కింద గీ హాస్టల్లనే ఉండి డాక్టరేట్ చేసిండు బిడ్డా. ఆయన పుస్తకంల పన్నెండుమంది వంటోళ్లు చెప్పిన ముచ్చట్లున్నయ్. ఆ పన్నెండుమందీ నేనే!”