వాటేసుకునే బొమ్మ

ఒకటో తరగతి గుమ్మం పక్కన గోడకి మూడు బొమ్మలుండేవి. అరచేతులు చరుచుకునేది, పిడికిళ్ళు తాకించుకునేది, వాటేసుకునేది.

పొద్దున్నే పిల్లలు వరసగా వచ్చి ఏ బొమ్మని వేలితో తాకితే మార్లా టీచర్ ఆ పలకరింపు ఇచ్చేది. ఇరవై రెండేళ్ళుగా ఆ పని అయ్యాకే పాఠం.

క్రిస్మస్ సెలవులు అయి వచ్చేసరికి రెండే మిగిలాయి. మూడోదాని చోట టేపు మరక.

"చిరిగిపోయింది," అంది మార్లా, పిల్లలు అడిగితే.

అబద్ధమే. బొమ్మ నలక్కుండా ఆమె సొరుగులో పడుకుని ఉంది.

టెక్సాస్‌లో ఆ మూల ఊరికి షెరీఫ్ పోలీసుల బండి రావాలంటే నలభై నిమిషాలు. అదీ దారికి గొడ్లు అడ్డం పడకపోతే. అందుకని ఇష్టమున్న టీచర్లు పిస్తోలు పెట్టుకోవచ్చని బడి బోర్డు తీర్మానించింది.

మార్లా సరేనంది. సెలవుల్లో శిక్షణకి వెళ్ళింది. గురి బాగుందని మెచ్చుకున్నారు. చిన్నప్పటి నుంచి కోళ్ళ మీదికొచ్చే నక్కల్ని తరిమిన చెయ్యి మరి.

ప్రిన్సిపాల్ రస్ ఒకటే షరతు పెట్టాడు.

"మీ దగ్గరుందని మూడో కంటికి తెలియకూడదు. పిల్లలకి అసలే తెలియకూడదు. తెలిసిందా, ఆ రోజే తీసేయాలి. మళ్ళీ పెట్టుకోవడం ఉండదు."

"తెలియదులెండి," అంది మార్లా.

కుడి నడుం మీద తోలు ఒర. పైన వదులు స్వెట్టర్. నిలబడితే ఎవరికీ కనబడదు.

కాని ఆరేళ్ళ పిల్లలు వాటేసుకుంటే తల సరిగ్గా అక్కడికే వస్తుంది. శిక్షణలో ఆ సంగతి ఎవరూ చెప్పలేదు. అక్కడున్నవాళ్ళందరూ ఆరడుగుల మనుషులు.

మిగతా పిల్లలు ఆ బొమ్మని రెండు రోజుల్లో మరిచిపోయారనుకుంది. బ్రిన్లీ మాత్రం మరవలేదు.

బ్రిన్లీ తల్లి పెద్ద లారీ నడుపుతుంది. పదిరోజులకోసారి ఇంటికొస్తుంది. మిగతా రోజులు తాత దగ్గర. తాత మంచివాడే గాని గుర్రాలతో తప్ప ఎవరితోనూ నాలుగు మాటలు మాట్లాడడు.

సెలవులకి ముందు ఆ పిల్ల రోజూ వాటేసుకునే బొమ్మనే తాకేది. ఇప్పుడు వచ్చి టేపు మరకని తాకి, టీచర్ మొహంలోకి చూసి, అరచెయ్యి చాపేది.

మార్లా ఆ చేతిలో చెయ్యి వేసేది. ప్రాణం ఉసూరుమనేది.

ఫిబ్రవరిలో ఒకరోజు డ్రిల్లు పెట్టారు. ఎవడో తుపాకీతో బళ్ళోకి వచ్చాడనుకోవాలి. తలుపుకి గడియ పెట్టి, లైట్లు ఆర్పి, పుస్తకాల బీరువా వెనక నేలమీద నక్కి కూర్చోవాలి.

పదిహేడు మంది కోడిపిల్లల్లా మార్లా చుట్టూ ఒదిగారు. ఎవరు ఎటు చేరారో ఆ చీకట్లో చూసుకునే వీల్లేదు.

కుడి నడుం మీద ఒక తల వాలింది. ఒక్క క్షణం ఆగి పక్కకి జరిగింది.

రస్ బయటినుంచి తలుపు తోసి చూసి, తెరుచుకోకపోతే సంతోషించి వెళ్ళిపోయాడు.

లైట్లు వేశాక అందరూ లేచారు. బ్రిన్లీ లేవలేదు.

"బొమ్మ చిరగలేదు కదా, టీచర్."

మార్లా స్వెట్టర్ కిందికి లాక్కుని మొహం పక్కకి తిప్పుకుంది.

"మా తాతకీ ఉంది. అది నడుంకి ఉంటే నన్ను ఒళ్ళోకి రానివ్వడు. తీసి బీరువా మీద పెట్టాక రమ్మంటాడు." గొంతు తగ్గించింది. "నేనెవరికీ చెప్పనులెండి. మీరేడవకండి."

"నేనేం ఏడవడం లేదు."

"సరే," అంది బ్రిన్లీ, నమ్మనట్టుగా.

సాయంత్రం మార్లా ప్రిన్సిపాల్ గది దాకా వెళ్ళింది. చెప్పేద్దామనే వెళ్ళింది.

"మీ గదిలో కిక్కురుమన్న పిల్ల లేదు. భలే నేర్పారు," అన్నాడు రస్. "పిల్లలకేం అనుమానం రాలేదు కదా?"

నలభై నిమిషాలు గుర్తొచ్చాయి. చీకట్లో తనని అంటుకుని కూర్చున్న పదిహేడు మందీ గుర్తొచ్చారు. తెలిసింది ఒక్క పిల్లకేగా అనుకుంది.

"రాలేదు," అంది.

ఇంటికెళ్ళే ముందు సొరుగు తెరిచి, బొమ్మ తీసి, పాత మరక మీదే అంటించింది. ఆ ఒక్క పిల్లని ఎడమవైపుకి తీసుకుంటే సరిపోతుంది. మిగతావాళ్ళకి తనే ఒడుపుగా తిరగొచ్చు.

పొద్దున్న వరసలో బ్రిన్లీయే ముందు. బొమ్మని చూసింది. వేలితో తాకి, ఎడమవైపుకి వచ్చి వాటేసుకుంది. ఎంతసేపటికీ వదల్లేదు. మార్లా కూడా వదల్లేదు.

తర్వాత కోల్బీ. వాడూ అదే బొమ్మని తాకి ఎడమవైపుకి వచ్చాడు.

తర్వాతి పిల్లా అంతే. ఆ తర్వాతి పిల్లా అంతే.

మార్లా ఒక్కసారి కూడా పక్కకి తిరగాల్సిన పని రాలేదు. ఆఖరివాడు అలవాటుగా కుడివైపుకి రాబోయి, ఆగి, ఆమె వెనకనుంచి చుట్టూ తిరిగి ఎడమవైపుకి చేరాడు.

మార్లా బ్రిన్లీ వైపు చూసింది.

"నేను చెప్పలేదు, టీచర్. వాళ్ళకి ముందే తెలుసు."

అప్పుడే రస్ గుమ్మంలోంచి తల పెట్టాడు. గోడవైపు చూశాడు.

"మళ్ళీ అంటించారే ఆ బొమ్మ. ఇబ్బందేం లేదు కదా?"

మార్లా నోరు తెరిచేలోపే పదిహేడు గొంతులు ఒక్కసారి పలికాయి.

"ఏం లేదు సార్."