ఫోన్లు మీవే, రైతులు నావాళ్ళు

"ఫోన్లు మీవే అప్పా, నేను కాదన్నానా? వాటిల్లో ఉండే రైతులు మాత్రం నావాళ్ళు" అన్నాడు విశ్వేశ్వరయ్య.

నంద్యాలలో ఆయనది విత్తనాల కంపెనీ. ఊళ్ళు తిరిగి విత్తనాలమ్మే యోబుకు, తిరుపాలుకు ఆయన మోటారుసైకిళ్ళు ఇచ్చాడు గానీ ఫోన్లు ఇవ్వలేదు. ఇద్దరూ సొంతంగా కొనుక్కున్నారు. రుద్రవరం నుంచి ఉయ్యాలవాడ దాకా రైతులంతా ఆ నంబర్లకే చేస్తారు. ఆ రైతుల్లో నలుగురు ఈ మధ్య ఆళ్ళగడ్డలో కొత్తగా తెరిచిన కంపెనీకి మళ్ళారు. అప్పట్నుంచీ ఆయనకు నిద్రలేదు.

"ఎవడో నా నంబర్లు ఆళ్ళగడ్డోళ్ళకు ఇస్తాండాడు. ఈపొద్దు తేలిపోవాల. సుప్రజమ్మా, ఆ ప్లగ్గుల కాడుండే ఫోన్లు తే."

నంబర్లు ఇచ్చింది తిరుపాలు కాదు. కానీ "ఒకటో తారీకు వచ్చి మాట్లాడు, చూద్దాం" అని ఆళ్ళగడ్డ కంపెనీ పంపిన మెసేజ్ అతని ఫోన్లో భద్రంగా ఉంది. అడ్రసు అందులోనే ఉందని చెరపలేదు. అది బయటపడితే ఉన్న ఉద్యోగం ఈ పూటే పోతుంది. ఆ కొత్తది వస్తుందో రాదో తెలీదు.

రెండు గంటల కోత తర్వాత అప్పుడే కరెంటు వచ్చింది. ఆఫీసులో ఉన్న ఫోన్లన్నీ గోడ దగ్గర చార్జింగ్‌లో ఉన్నాయి. రెండు వేల ఆరులో ఊరంతటికీ ఒకటే మోడల్, ఒకటే నలుపు. టైపిస్టు సుప్రజ చేతికందినవి రెండు ఊడదీసి తెచ్చింది.

ఆ రోజు అద్దాలు ఇంట్లో మరిచొచ్చిన విశ్వేశ్వరయ్యకు ఆ చిన్న అక్షరాలు ఆనవు. అందుకని ఆమెనే పైకి చదవమన్నాడు.

"యోబన్నా, మూలశంక మందు వచ్చింది, తీసకపో" అని చదివింది సుప్రజ.

యోబు తల నేలకేసి దించుకున్నాడు. ఆళ్ళగడ్డ ఊసు లేదు గానీ, అతను బండి మీద వంకరగా ఎందుకు కూర్చుంటాడో ఆఫీసుకంతా తెలిసిపోయింది.

"అట్లైతే రెండోది తిరుపాలుది. చదువు, చదువు" అన్నాడు విశ్వేశ్వరయ్య చేతులు రుద్దుకుంటూ.

తిరుపాలు కళ్ళు మూసుకున్నాడు.

"హోమ్ నుంచి సార్. 'తెల్లగడ్డలు ఒలవకుండా యాడికి ఉరికినావు?'"

యోబు కిసుక్కుమన్నాడు. సుప్రజ పెదవి కొరుక్కుని ఇంకోటి నొక్కింది.

"'ఆరేసిన చీరలకు క్లిప్పులు పెట్టలేదు. రెండు ఎగిరిపోయి పక్కింట్లో పడినాయి. పోయి అడిగి తెచ్చేది నువ్వే.'"

తిరుపాలు కళ్ళు తెరిచాడు. "సార్, అదీ..."

"నువ్వేం చెప్పొద్దు తిరుపాలూ" అన్నాడు విశ్వేశ్వరయ్య గంభీరంగా.

తిరుపాలు ఆయన ముఖం చూసి నోరు మూసుకున్నాడు.

"ఇంకోటుంది సార్. 'సీరియల్ మొదలయ్యే లోపల రొట్టెలు చేసి పెట్టాల. నిన్న చేసినవి కుక్క కూడా ముట్టలేదు.'"

యోబు కడుపు పట్టుకుని నవ్వాడు. మూలశంక అవమానం ఎక్కడికి పోయిందో!

"ఏందిరా నవ్వుతాండావు?" బల్ల మీద గుద్ది లేచాడు విశ్వేశ్వరయ్య. "ఇంట్లో రొట్టె కాలిస్తే మగోడు తక్కువైపోతాడా? అంత చాకిరీ చేసి టైముకు ఆఫీసుకొచ్చేటోడు ఎంత గట్టోడో నీకేం తెలుసు?"

ఇన్నేళ్ళలో ఆయన ఒకరిని మెచ్చుకోవడం ఎవరూ వినలేదు. సుప్రజకు ఆయన మీద గౌరవం పొంగుకొచ్చింది.

"తప్పు చేసినామమ్మా. మనిషన్నాక ఇంటి సంగతులు సవాలక్ష ఉంటాయి. ఇంక మీదట ఈ ఆఫీసులో ఒకరి ఫోను ఇంకొకరు ముట్టగూడదు. ఆ నలుగురు రైతులు పోతే పోనీ. పోండి, పోయి పని చూసుకోండి."

సుప్రజ యోబు ఫోను యోబుకిచ్చింది. రెండోది తిరుపాలు వైపు చాపింది.

తిరుపాలు చెయ్యి చాపకుండా గోడ దగ్గరికి నడిచి, ఇంకా చార్జింగ్ ఎక్కుతున్న తన ఫోను ఊడదీసి జేబులో వేసుకుని, "అది సారుకే ఇచ్చేయి సుప్రజమ్మా, రొట్టెల టైమైంది" అన్నాడు.