రెండు కెమెరాలు, ఒక వారం

“ఇదేమిటే? గ్యాసు పొయ్యికి ఫొటోనా?”

మాస్టారు నల్ల కెమెరా వెనకున్న బుల్లి తెరని కళ్ళద్దాలకి తగిలేంత దగ్గరగా పెట్టుకుని చూశారు. కట్టేసిన పొయ్యి, దాని మీట. ఫొటో మూల నారింజ రంగు అంకెల్లో తేదీ, టైము.

“బాగా రాలేదా?” అంది ఆయన భార్య, బీన్సు ఈనెలు తీస్తూ.

“బ్రహ్మాండంగా వచ్చింది. అదే నా ఏడుపు. కనీసం వెలుగుతున్న పొయ్యైనా కాదు!”

ఎదురుగా కూర్చున్న ఆవిడ తమ్ముడు పగలబడి నవ్వాడు. అతనిది కెమెరాల కొట్టు. డిజిటల్ కెమెరాలు అప్పుడప్పుడే జేబులోకి దూరుతున్న రోజులు. స్కూల్లో డ్రాయింగ్ చెప్పి చెప్పి రిటైరైన బావగారు తోచక గోడలకేసి చూస్తున్నారని, కొత్తగా వచ్చిన వాటిల్లో రెండు తెచ్చిచ్చాడు. ఇద్దరూ చెరొకటీ వారం వాడి చూడాలి. నచ్చింది ఉంచుకోవాలి, రెండోది అతను పట్టుకుపోతాడు. ఆ వారం ఇవాళ్టితో అయిపోయింది.

మాస్టారి ఓటు వెండి రంగు దానికి. మీట నొక్కాక అది ఒళ్ళు విరుచుకుని లేచేసరికి ఎదురుగా ఉన్న పిట్ట ఎగిరిపోయేది. బ్యాటరీలని తెగ మింగేసేది. అయితేనేం, ఆకు మీద ఎండ పడితే ఆ ఎండ ఎండలాగే వచ్చేది. నల్లది అలా కాదు. నొక్కితే చాలు సిద్ధం. దగ్గరి వస్తువుల్ని మసక వెలుతురులో కూడా ఇట్టే పట్టేసేది. కాని దాని రంగులు మాత్రం నాలుగు ఉతుకులు పడ్డ చొక్కా రంగులు. పైగా ప్రతి ఫొటో మీదా ఆ తేదీ ఒకటి.

“ఆ తేదీ రాకుండా చేసుకోవచ్చు బావగారూ, ఇలా ఇవ్వండి.”

“దాని జోలికెళ్ళకు. ఉండనీ,” అంది అక్క చటుక్కున.

నిజానికి మాస్టారి బెంగ కెమెరా గురించి కాదు. ఇన్నేళ్ళూ ఆయన స్కూలుకి, ఆవిడ టెలిఫోన్ ఎక్స్ఛేంజికి ఉరుకులు పరుగులు. ఇప్పటికైనా ఇద్దరూ కలిసి చేసే పని ఒకటుండాలని ఆయన ఆశ. వెండి కెమెరా నిండా ఆవిడే ఉంది. తడి తల తుడుచుకుంటూ, పేపరు చదువుతూ కునికిపాట్లు పడుతూ, ఫొటో తీస్తున్నందుకు ఆయన్ని కసురుతూ. మరి ఆవిడ కెమెరాలో తనెక్కడ? మీట నొక్కుతూ పోయారు. వీధి తలుపు తాళం. కట్టేసిన కుళాయి. వేసుకోగా మిగిలిన మాత్రల అట్ట. బీరువా అరలో తాళంచెవులు. ఆయన మొహం చిన్నబోయింది.

“ఇంట్లో మనుషులే లేనట్టు, ఇన్సూరెన్సు వాళ్ళలా సామాన్లకి తీసిపెట్టావేమిటి?”

“రోజూ పనికొచ్చే కెమెరా ఏదో చూడమన్నారుగా. రోజూ చేసే పనులే తీశాను.”

“అవీ ఇవాళ్టివే ఉన్నాయి. నిన్నటివేవి?”

“చెరిపేశాను. ఏ రోజువి ఆ రోజే. నిన్నటి తాళం ఇవాళ నాకెందుకు?”

“ఫొటో అంటేనే దాచుకునేదే పిచ్చిమొహమా!”

“అక్క లెక్క అక్కకుంటుంది లెండి, కార్డు నిండదు,” అని సర్దిచెప్పాడు తమ్ముడు. “అన్నట్టు అక్కా, పెద్దనాన్న వాళ్ళ నంబరు చెప్పు. వెళ్ళేముందు ఒకసారి పలకరిస్తాను. నువ్వుండగా డైరీ ఎందుకని నేనెప్పుడూ రాసుకోలేదు.”

ఎక్స్ఛేంజిలో ఆవిడని నడిచే డైరెక్టరీ అనేవారు. ఎవరి పేరు చెప్పినా నంబరు నాలిక చివరే ఉండేది.

“రిటైరయ్యాక కూడా డ్యూటీ వేస్తావేంరా? ఇకనైనా రాసుకోవడం నేర్చుకో,” అంటూ ఆవిడ బీన్సు పళ్ళెం పట్టుకుని వంటింట్లోకి వెళ్ళిపోయింది.

“బుద్ధొచ్చింది తల్లీ!” అని లెంపలేసుకున్నాడు తమ్ముడు. “మరి తేల్చండి బావగారూ. ఏది పట్టుకెళ్ళను?”

“తేల్చేదేముంది? నల్లదే పట్టుకుపో,” అంటూ మాస్టారు విసురుగా మీట ఇంకోసారి నొక్కారు. నొక్కి ఆగిపోయారు.

తెర మీద ఆయనే ఉన్నారు. గోడకి ఆనుకుని నిటారుగా, గుర్తింపు కార్డు ఫొటోలోలాగా. తేదీ చూస్తే, కెమెరాలు వచ్చిన మొదటి రోజుది. ఆవేళ ఆవిడ తనని వెలుతురులో నిలబెట్టి, ‘నవ్వకండి. రోజూ ఎలా ఉంటారో అలాగే ఉండండి. కళ్ళద్దాలు తీయకండి’ అని పట్టుబట్టిన సంగతి ఇప్పుడు గుర్తొచ్చింది. వారమంతా రోజుకోసారి కార్డు ఊడ్చేసిన మనిషి, ఈ ఒక్కటీ ముట్టుకోలేదు.

మాస్టారికి గుండె నిండిపోయింది. ఈ వయసులో ఇంత సంతోషం దాచుకోవడం ఆయనకి చేతకాలేదు.

“ఒరేయ్, వెండిదే పట్టుకుపో. మా ఇంట్లో నల్లదే ఉంటుంది.”

“ఇప్పుడేగా...”

“ఇప్పుడు మారింది! నేను తీసినవి మాత్రం ప్రింటు వేసి పంపు.”

తమ్ముడు నవ్వుకుంటూ వెండి కెమెరా సంచిలో వేసుకుని, వంటింటి వైపు “వెళ్ళొస్తానక్కా” అని కేకేసి వెళ్ళిపోయాడు. మాస్టారు కొత్త పెళ్ళికొడుకులా వంటింట్లోకి నడిచారు. తెర ఆవిడ మొహం ముందు పెట్టారు.

“పైకి తాళాలూ కుళాయిలూ. లోపల దాచుకున్నది నన్ను! దొంగవి దొరికావు.”

ఆవిడ ఆ ఫొటోని కాసేపు చూసింది. తర్వాత ఆయన మొహాన్నీ అంతే సేపు చూసింది.

“అన్నీ చెరిపేశావు కదా, ఇదొక్కటీ ఎందుకు ఉంచావో నీ నోటితో చెప్పు, వింటాను,” అన్నారాయన మురిసిపోతూ.

ఆవిడ కొంగుతో చేతులు తుడుచుకుంది. తలెత్తకుండానే, మెల్లిగా అంది.

“మిమ్మల్ని కూడా మర్చిపోతే?”