ఫొటోలో ఏముంది?

"నువ్వు నెట్‌లో పెట్టిన నా ఫొటో కింద అందరూ 'అయ్యో పాపం' అంటున్నారేంటే?" ఫోను చదివేది చెవి దగ్గర పెట్టుకుని వింటూ, పక్కనున్న చెల్లెల్ని అడిగింది చూపు లేని అక్క.

"మెచ్చుకుంటున్నారక్కా. నువ్వే నా ధైర్యమని రాశాగా," అంది చెల్లెలు.

"ఈ ఫోను మాటలన్నీ చదువుతోంది. ఫొటో దగ్గరికొచ్చేసరికి 'చిత్రం' అని ఊరుకుంటోంది. అందులో ఏముందో నువ్వు రాస్తే అదీ చదువుతుందట. రాయవే."

"అదెంత పని," అంటూ చెల్లెలు, మొన్న చప్పుడు కాకుండా తీసిన ఫొటోను తన ఫోన్లో తెరిచింది.

'అక్క వంటింట్లో మోకాళ్ల మీద వంగి, జారిపడిన గరిటె కోసం తడుముకుంటోంది. జుట్టు రేగిపోయింది. నైటీ భుజం దగ్గర చిరిగి...'

వేలు ఆగిపోయింది. రాసిందంతా చెరిపేసింది.

"ఆగావేం?"

"ఎలా రాయాలో తెలియట్లేదక్కా."

అక్క ఫోను ఒళ్లో పెట్టుకుంది.

"ఊరందరికీ చూపించావు కదే. నాకు చెప్పడానికి నోరు రావట్లేదా?"