ఇరవై గంటలు

"కట్టేసిన పడవకు ఇంజనెందుకు తమ్ముడూ?"

రేవు గట్టు మీద నుంచి ఎవరో అడిగారు.

పడవాయన కునుకులోంచి తుళ్లిపడి లేచాడు. పడవ తాడుతో గుంజకు కట్టేసి ఉంది. లోపల కొత్త ఇంజను మాత్రం పొద్దుటి నుంచీ గుడుగుడుమంటూనే ఉంది.

గట్టు మీద ఒక పెద్దాయన చంకలో గొడుగుతో నిలబడి ఉన్నాడు. ఇంతకు ముందు చూసిన మొహం కాదు.

"సోమవారం తనిఖీ ఉంది పెద్దాయనా. ఆలోగా మీటరులో ఇరవై గంటలు తిరగాలి. తిప్పుతున్నా."

"మీటరు తిరుగుతోంది. ఇంజను ఊరికే కూర్చుంది."

"అంటే?"

"బరువు లాగని ఇంజనుకు లోపల రింగులు కుదురుకోవు. సోమవారం ఇరవై మందిని ఎక్కించగానే పొగ కక్కుతుంది. తనిఖీ ఆఫీసరు మొహం మీదే కక్కుతుంది."

"కొత్తది కదా, అపురూపంగా చూసుకుందామని..."

"పసిబిడ్డనైనా ఎన్నాళ్లు చంకనేసుకుని తిరుగుతావు? కిందికి దించితేనే నడక వచ్చేది."

పడవాయనకు ఒళ్లు మండింది. దాని వెనకే భయమూ వేసింది. ఈ రేవులో పడవ నడిపే అనుమతి కోసం రెండేళ్లు ఆఫీసు మెట్లెక్కి దిగాడు. ఉన్న పని మానేశాడు. సోమవారం తనిఖీలో తప్పితే రేవు దరఖాస్తు పెట్టిన ఇంకొకరికి వెళ్లిపోతుంది.

గొణుక్కుంటూనే తాడు విప్పాడు.

మర్నాటి నుంచి పెద్దాయన ఎనిమిదింటికల్లా గట్టు మీద హాజరు. ఎంత పిలిచినా పడవ మాత్రం ఎక్కడు. అక్కడి నుంచే ఏదో ఒకటి చెబుతాడు.

"ఒకే వేగంలో పోకు. కాసేపు పెంచు, కాసేపు తగ్గించు. చివరిదాకా మాత్రం తొయ్యకు."

"నూనె చూశావా? పొద్దున్నే, ఇంజను చల్లగా ఉన్నప్పుడు చూడాలి."

"వెనక గొట్టంలోంచి నీళ్లు పడుతున్నాయా? అవి ఆగాయంటే ఇంజను కాలిపోతుంది, నువ్వూ ఆపెయ్."

తాడు పట్టడానికి వచ్చే భార్య నవ్వేది. "ఎవరండీ ఆయన, మీ చిన్నప్పటి మాస్టారా?"

"మా నాన్న కూడా నన్నింత సణగలేదు."

"దేవుడే పంపాడేమో."

"పంపితే పంపాడు గానీ, ఇంత నోరున్నవాణ్నే పంపాలా?"

శనివారం పొద్దున మీటరు పదహారు దగ్గర ఉంది. భార్య వచ్చి ఇంజను మూత మీద కూర్చుంది. పడవాయన తాళం మీద చెయ్యి వేశాడు.

"మూత తీసి వాసన చూశావా?" గట్టు మీద నుంచి గొంతు.

"నిన్న చూశా."

"నిన్నటి సంగతి కాదు. ఇప్పుడు చూడు."

"ఆలస్యమవుతోంది పెద్దాయనా! రోజూ మీకిదే పనా? ఇల్లూ వాకిలీ లేవా? నా పడవ, నా ఇంజను. పోతే నాది పోతుంది, మధ్యలో మీ సొమ్మేం పోయింది?"

పెద్దాయన మొహం చిన్నబోయింది. అయినా కదల్లేదు.

"అమ్మా, నువ్వు లే. లేచి ఆ మూత ఎత్తు."

"ఎత్తితే అరిగిపోతుందా ఏంటండీ," అంటూ ఆమె లేచి మూత ఎత్తింది.

గుప్పున పెట్రోలు వాసన.

తాళం మీద పడవాయన చెయ్యి బిగుసుకుపోయింది.

"తిప్పకు!" పెద్దాయన అరిచాడు. "గాలి తోసే ఫ్యాను మీట కూడా ముట్టుకోకు. అమ్మా, ముందు నువ్వు పైకి వచ్చెయ్."

ఇంజను అదురుకు పెట్రోలు గొట్టం బిగింపు వదులైంది. రాత్రంతా కారి అడుగున మడుగు కట్టింది. ఒక్క నిప్పురవ్వ చాలు. భార్య కూర్చున్నది సరిగ్గా దాని మీదే.

పెద్దాయన గట్టు మీద నుంచి చెబుతుంటే, పడవాయన పాత గుడ్డలతో పెట్రోలంతా అద్ది తీశాడు. బిగింపు బిగించాడు. మధ్యాహ్నం దాకా మూత తెరిచే ఉంచాడు. ముక్కు పెట్టి మూడుసార్లు వాసన చూశాడు.

గట్టు మీదికి వచ్చి పెద్దాయన ముందు నిలబడ్డాడు.

"ఇందాక నోరు జారాను. మనసులో పెట్టుకోకండి."

"మనసులో పెట్టుకోవాల్సింది నీ మాటలు కాదు, ఆ బిగింపులు. అన్నీ మళ్లీ ఒకసారి చూసుకో. ఇంకా నాలుగు గంటలుంది, పద."

ఆ సాయంత్రం దేవుడికి దణ్ణం పెట్టుకుంటూ భార్య అంది, "ఆయన పేరైనా అడగలేదండీ మనం."

సోమవారం ఆఫీసరు ఇరవై మందిని ఎక్కించి అవతలి ఒడ్డుకూ ఇవతలి ఒడ్డుకూ తిప్పించాడు. వెనక్కి వంగి పొగ కోసం చూశాడు. మూత తీసి వాసన చూశాడు.

"ఇంజనును బాగా పెంచావయ్యా," అని సంతకం పెట్టేశాడు.

పడవాయన కాగితం పట్టుకుని ఆఫీసుకు పరుగెత్తాడు. బయట బల్ల మీద పెద్దాయన కూర్చుని ఉన్నాడు.

"గట్టెక్కాం పెద్దాయనా! మొదటి ట్రిప్పు మీతోనే. రండి!"

"పొగ రాలేదుగా?"

"ఇంత కూడా రాలేదు."

పెద్దాయన కాసేపు అతని చేతిలోని కాగితం వైపు చూశాడు. తర్వాత నవ్వాడు. "మంచిది. ఇరవై గంటలైంది కాబట్టి నూనె మార్చెయ్. నా బస్సు వచ్చే వేళైంది."

గొడుగు విప్పుకుని మెట్లు దిగి వెళ్లిపోయాడు.

లోపల గుమాస్తా ముద్ర తీస్తూ అడిగాడు. "ఆయన నీకు చుట్టమా?"

"కాదండీ. వారంగా గట్టు మీద నిలబడి నాకు ఇంజను నేర్పాడు. ఎవరో కూడా తెలీదు."

బయట బస్సు కదిలిన చప్పుడైంది.

గుమాస్తా ముద్ర గాల్లోనే ఆపి, అతని మొహంలోకి వింతగా చూశాడు.

"ఈ రేవుకు నీ తర్వాతి పేరు ఆయనదేనయ్యా, ఇవాళ తనిఖీలో నీ పడవ తప్పి ఉంటే ఈ ముద్ర ఆయన కాగితం మీద పడేది."